వేరుశనగ ప్రాజెక్టుకి ఇల్యుమినానా, లాంగ్ రీడ్సా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్లాంట్ బయోటెక్నాలజీ చదువుతున్నాను. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులును తట్టుకునే జన్యువుల మీద ప్రాజెక్ట్. ఇల్యుమినా, పాక్‌బయో, నానోపోర్ మెషీన్లలో దేనితో సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదవడం) చేయించాలి? ఏది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: మెషీన్ల పేర్లన్నీ రాశావు గానీ అమ్మా, నీ దగ్గర ఎన్ని మొక్కలున్నాయో రాయలేదు. అసలు లెక్క అక్కడ మొదలవుతుంది. సాగు వేరుశనగ రిఫరెన్స్ జీనోమ్ (అందరూ పోల్చి చూసుకునే పూర్తి డీఎన్‌ఏ ప్రతి) 2019లోనే వచ్చేసింది కాబట్టి దాన్ని నువ్వు మళ్లీ మొదట్నుంచి పేర్చక్కర్లేదు. తెగులు తట్టుకునే రకాన్ని, తట్టుకోలేని రకాన్ని క్రాస్ చేసిన పాపులేషన్ ఉంటే, ఆ రెండు పేరెంట్స్‌కీ చిన్న ముక్కలు చదివే ఇల్యుమినాతో లోతుగా, అంటే ఒకే చోటు చాలాసార్లు చదివేలా చేయించి, మిగతా మొక్కలకి జీనోమ్‌లో కొన్ని ముక్కలే చదివే జీబీఎస్ లాంటి చౌక పద్ధతి పెట్టుకో.

చిక్కల్లా వేరుశనగతోనే. వరి డిప్లాయిడ్, అంటే క్రోమోజోములు రెండేసి సెట్లు, జీనోమ్ 40 కోట్ల డీఎన్‌ఏ అక్షరాల లోపే. వేరుశనగ టెట్రాప్లాయిడ్, అంటే నాలుగు సెట్లు, దాదాపు 270 కోట్లు, పైగా రెండు అడవి జాతుల నుంచి వచ్చిన జీనోమ్‌లు ఒకే కణంలో కవలల్లా ఉంటాయి, ఇల్యుమినా నుంచి వచ్చే 150 అక్షరాల చిన్న రీడ్ (ఒకసారి చదివిన డీఎన్‌ఏ ముక్క) ఇస్తే అది ఏ కవలదో సాఫ్ట్‌వేర్‌కి తెలియక లేని ఎస్‌ఎన్‌పీలు (ఒక్క అక్షరం తేడాలు) చూపిస్తుంది. ప్రతి మొక్కలోనూ హెటిరోజైగస్‌గా, అంటే ఒకే చోట రెండు వేర్వేరు అక్షరాలుగా కనబడే ఎస్‌ఎన్‌పీని నమ్మకు, తీసి పారెయ్.

లాంగ్ రీడ్స్ సంగతికొస్తే, పాక్‌బయో మెషీన్ ఇచ్చే హైఫై రీడ్ 15 నుంచి 20 వేల అక్షరాలు ఉంటుంది, తప్పులూ తక్కువే. రోగనిరోధక జన్యువులు ఒకేలాంటివి గుంపుగా ఉంటాయి కాబట్టి, తెగులును తట్టుకునే గుణం జీనోమ్‌లో ఎక్కడుందో ఆ చోటు దొరికాక డబ్బు మిగిలితే, తట్టుకునే పేరెంట్ ఒక్కదానికే అది చేయించు. నానోపోర్ మెషీన్ చిన్నది, రీడ్లు ఇంకా పొడవు రావచ్చు, కానీ పాక్‌బయోకైనా నానోపోర్‌కైనా డీఎన్‌ఏ తెగకుండా రావాలి. ముదురు ఆకు తెచ్చి తీస్తే పాలీఫినాల్స్, జిగురు అంతా దాంతోపాటే వస్తాయి. లేత ఆకు తీసుకో, లేకపోతే డబ్బులు గోవిందా.

ఇక ఉద్యోగం. సీక్వెన్సింగ్ ఎక్కువమంది బయట కంపెనీలకి పంపించి చేయించుకుంటున్నారు, మెషీన్ నడపడం ఒక్కటే వస్తే లాభం తక్కువ. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు మార్కర్ల (జన్యువు ఉందో లేదో పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతోనే ఎక్కించారు, ఆ రకం 2008లో విడుదలైంది. డేటాలోంచి అలాంటి మార్కర్ బయటికి లాగగలిగే మనిషి బ్రీడర్లకి కావాలి. అందుకే లైనక్స్ (ఆపరేటింగ్ సిస్టమ్), ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష), ఒక గుణాన్ని నియంత్రించే జీనోమ్ చోట్లు వెతికే క్యూటీఎల్ విశ్లేషణ నేర్చుకో. అమెరికా ప్రభుత్వ డేటాబేస్ ఎన్‌సీబీఐలో వేరుశనగ రీడ్లు ఉచితంగానే దొరుకుతాయి, ఈ వారమే ఒక శాంపిల్ దించుకుని రిఫరెన్స్‌కి అలైన్ చేసి, అంటే ఏ రీడ్ ఎక్కడిదో జతపరిచి చూడు, ఆ తర్వాతే మీ గైడ్‌తో కొటేషన్ల మాట ఎత్తు.