పొగ మాన్పించే కౌన్సెలింగ్‌ను డాక్టర్లకు ఏఐతో ఎలా నేర్పిస్తారు?

చాట్‌బాట్‌ను రోగిగా మారుస్తారు. ముందు కేసు రాసివ్వాలి: 45 ఏళ్ల ఆటో డ్రైవరు, రోజుకు 20 బీడీలు, రెండుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టాడు. అడగడం, సలహా, సంసిద్ధత చూడటం, సాయం, మళ్లీ రమ్మనడం అనే ఐదు మెట్లలో డాక్టరు ఏది వదిలేశాడో ఏఐ తర్వాత చెబుతుంది.

అసలు చిక్కు, బాట్ రోగి తొందరగా ఒప్పేసుకుంటాడు. "టెన్షన్‌కి ఇదే మందండీ" అంటూ కనీసం మూడుసార్లు ఎదురు చెప్పమని, ఉపన్యాసం దంచితే ముభావంగా మారిపొమ్మని కేసులోనే రాయండి. శ్రీకాకుళం వైపు పనిచేసేవాళ్లకు, నిప్పు నోట్లో పెట్టి చుట్ట కాల్చే అడ్డపొగ కేసు తప్పనిసరి.

మందుల మోతాదు మాత్రం ఏఐకి వదలొద్దు. నిద్రలేచిన 30 నిమిషాల్లోపే తొలి సిగరెట్ వెలిగిస్తే 4 మి.గ్రా. నికోటిన్ గమ్, లేకుంటే 2 మి.గ్రా. ఇది అధ్యాపకులే సరిచూడాలి.