పైలట్ల కొరత ఉందంటున్నారు కదా, మా వాణ్ణి చేర్పించొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్ళు. పైలట్ తప్ప ఇంకేమీ వద్దంటున్నాడు. ట్రైనింగ్ ఖర్చుకి ఇల్లు తాకట్టు పెట్టాలి. ప్రపంచమంతా పైలట్ల కొరత ఉందని ఫ్లయింగ్ స్కూల్ వాళ్ళు చెప్తున్నారు, ఇంకోపక్క లైసెన్స్ ఉండీ ఖాళీగా కూర్చున్నవాళ్ళ గురించి వింటున్నాం. ఇంజినీరింగ్ మంచిదా, ఇది మంచిదా, పోల్చి చెప్పండి. కార్గో విమానాలైతే ఉద్యోగానికి ఢోకా ఉండదంటున్నారు, నిజమేనా?

జవాబు: సార్, ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అందరూ కొరత ఉందా లేదా అనే అడుగుతారు గానీ లోపల ఉన్న భయం వేరు. ఇల్లు పోతే ఎలా, వాడు లైసెన్స్ పట్టుకుని ఇంట్లో కూర్చుంటే నలుగురూ ఏమంటారు, పోనీ వద్దంటే జీవితాంతం నన్నే అంటాడేమో, ఇదీ సంగతి. అందుకే పరీక్షలు, మార్కులు, ఎలిజిబిలిటీ జోలికి పోను, అవి మీకు ఈపాటికి బట్టీ వచ్చేసి ఉంటాయి.

ముందు ఈ కొరత అనే మాట ఎవరి నోట్లోంచి వస్తోందో చూడండి. రాబోయే 20 ఏళ్ళలో ప్రపంచానికి 6 లక్షల 49 వేల మంది కొత్త పైలట్లు కావాలని 2023లో బోయింగ్ అంచనా వేసింది. బోయింగ్ విమానాలమ్మే కంపెనీ, ఫ్లయింగ్ స్కూల్ సీట్లమ్మే సంస్థ, ఇద్దరికీ ఈ మాట లాభమే. అంచనా అబద్ధమని నేననట్లేదు, 20 ఏళ్ళ మొత్తం మీద నిజమే అవ్వొచ్చు, కానీ మీ వాడు బయటికొచ్చేది ఆ 20 ఏళ్ళలో ఏదో ఒక్క ఏడాదిలో కదా, అది మంచి ఏడాదో చెడ్డ ఏడాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పైగా ఎయిర్‌లైన్స్‌కి ఎక్కువగా దొరకనిది తాము నడిపే రకం విమానం మీద వేల గంటలు నడిపిన కెప్టెన్లు, రెండొందల గంటలతో కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్న పిల్లలు కాదు. ఒకే ఎయిర్‌లైన్‌లో కెప్టెన్లకి కొరతా, కొత్తవాళ్ళకి ఖాళీల్లేకపోవడమూ రెండూ ఒకేసారి ఉంటాయి, స్కూల్ బ్రోచర్‌లో మొదటిదే రాస్తారు.

ఈ ఫీల్డ్‌లో పైకి లేవడం ఎంత వేగంగా ఉంటుందో పడటం కూడా అంతే. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికాలో వేలమంది పైలట్లని ఇంటికి పంపారు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, అప్పటికే నెలల తరబడి పైలట్లకి జీతాలు సరిగ్గా రావట్లేదు. 2020 అక్టోబర్‌లో కేథే పసిఫిక్ వేల ఉద్యోగాలు తీసేసి, మిగిలిన హాంకాంగ్ పైలట్ల ముందు జీతం తగ్గించిన కొత్త కాంట్రాక్ట్ పెట్టింది. మూడేళ్ళు తిరక్కుండానే 2023లో అమెరికా ఎయిర్‌లైన్ డెల్టా తన పైలట్లకి నాలుగేళ్ళలో 34 శాతం పెంపుకి ఒప్పుకుంది, అప్పుడు అందరూ పైలట్ అంటే పైలట్ అన్నారు, మరుసటి ఏడాదికల్లా అక్కడిదే స్పిరిట్ అనే చౌక ఎయిర్‌లైన్ పైలట్లని లేఆఫ్ చేసి దివాలా పిటిషన్ వేసింది. మీకు పంపే వీడియోలన్నీ 2023 నాటివే అయ్యుంటాయి.

ఇంజినీర్ ఉద్యోగం పోతే వేరే కంపెనీలో దాదాపు అదే జీతానికో ఎక్కువకో చేరతాడు. చాలా ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌కి అలా ఉండదు, అంతా సీనియారిటీ నంబర్ మీదే, అంటే ఆ కంపెనీలో చేరిన వరస మీదే నడుస్తుంది, ఏ విమానం, ఏ బేస్, ఏ రోజు సెలవు, కెప్టెన్ ఎప్పుడు, అన్నీ అదే తేలుస్తుంది. ఇరవై ఏళ్ళు కెప్టెన్‌గా చేసినాయన కంపెనీ మూతపడి వేరే చోట చేరితే లిస్ట్‌లో అందరికన్నా కింద, మళ్ళీ కో పైలట్ సీటు. అందుకే పరిస్థితులు దిగజారుతున్నా నోరు మూసుకుని ఉండిపోతారు. ఖాళీగా కూర్చోవడానికి కూడా ఖర్చే, 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ప్యాసింజర్లని ఎక్కించుకోకూడదు, టైప్ రేటింగ్ అంటే ఫలానా రకం విమానం నడపడానికి ఇచ్చే అనుమతి, దాని రెన్యువల్‌కి సిమ్యులేటర్ డబ్బులు మనమే కట్టాలి, కోడింగ్ లాగా ఇంట్లో లాప్‌టాప్ మీద ప్రాక్టీస్ చేసేది కాదిది.

ఉద్యోగం వచ్చాక కథ సుఖాంతమా అంటే అదీ కాదు. చాలా చోట్ల జీతం బ్లాక్ అవర్స్ మీద, అంటే విమానం కదిలినప్పట్నుంచి మళ్ళీ పార్క్ అయ్యేదాకానే లెక్క, గేట్ దగ్గర మూడు గంటలు డిలే అయితే ఆ మూడు గంటలు చాలాసార్లు ఫ్రీ సర్వీసే. అమెరికా రూల్ ప్రకారం ఏడాదికి వెయ్యి గంటలకి మించి ఎగరకూడదు, వినడానికి తక్కువే, కానీ రిపోర్టింగ్, ఎదురుచూపులు, హోటల్, స్టాండ్‌బై ఇందులో లేవు, పైగా ఆ పరిమితి పైలట్లు మరీ అలిసిపోకూడదని పెట్టింది అయితే, దాన్నే టార్గెట్ చేసుకుని రోస్టర్లు వేసే కంపెనీలున్నాయి. యూరప్‌లో కొన్ని చౌక ఎయిర్‌లైన్స్ పైలట్లని ఉద్యోగులుగా కాక ఏజెన్సీ ద్వారా సెల్ఫ్ ఎంప్లాయిడ్ పేరుతో పెట్టుకున్నాయి, సిక్ లీవ్ పెడితే డబ్బుల్లేవు. అనుభవం కోసం పైలటే ఎయిర్‌లైన్‌కి ఎదురు డబ్బు కట్టి ప్యాసింజర్ విమానం నడిపే పద్ధతి కూడా ఉంది, పే టు ఫ్లై అంటారు. ఒకప్పుడు కంపెనీ భరించిన టైప్ రేటింగ్ ఖర్చు ఇప్పుడు చాలామంది విషయంలో తండ్రి నెత్తినే పడుతోంది, లేదా బాండ్ రాయించుకుంటున్నారు.

2009 జనవరిలో హడ్సన్ నది మీద విమానం దించి 155 మందిని కాపాడిన కెప్టెన్ సలెన్‌బర్గర్ గుర్తున్నారు కదా, నెల తిరక్కుండా... కాదు, ఫిబ్రవరి ఆఖర్లో ఆయన అమెరికా కాంగ్రెస్ ముందుకెళ్ళి తన జీతం 40 శాతం కోసేశారని, పెన్షన్ పోయిందని చెప్పారు, తనకి తెలిసిన పైలట్లలో పిల్లలు తమ దారిలో రావాలని కోరుకునేవాళ్ళు ఒక్కరూ లేరన్నారు. అదే ఫిబ్రవరిలో అమెరికాలోని బఫలో దగ్గర కోల్గన్ అనే చిన్న ఎయిర్‌లైన్ విమానం కూలి 50 మంది పోయారు. కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని తేల్చారు గానీ, 24 ఏళ్ళ కో పైలట్ డ్యూటీ కోసం రాత్రంతా దేశం ఆ చివర్నించి ఈ చివరికి ప్రయాణించి వచ్చిందన్న సంగతి కూడా విచారణలో బయటపడింది. రెస్ట్ రూల్స్, ఎయిర్‌లైన్‌లో చేరాలంటే సాధారణంగా 1500 గంటలు ఎగిరి ఉండాలన్న రూల్ ఆ తర్వాతే బిగించారు.

ఇప్పుడు కొంచెం కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి, అనుకున్నా పర్లేదు. మీరు ఇల్లు గురించి రాశారు, స్కూల్ వాళ్ళేమన్నారో రాశారు, మీ వాడికి ఈ కష్టాలు తెలుసా, తెలిసీ కావాలంటున్నాడా అన్నది ఒక్క ముక్క రాయలేదు. వాణ్ణి కూర్చోబెట్టి అడిగారా అసలు? ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టి, ఇక నువ్వు గెలిచి తీరాలిరా అని పంపడం ప్రేమ కాదండీ, 18 ఏళ్ళ పిల్లాడి మెడలో అప్పు పత్రం కట్టడం. మెడికల్‌లో ఫెయిలైనా, ఉద్యోగాలు లేని ఏడాది బయటికొచ్చినా ఆ తప్పు వాడిది కాదు, కానీ మీ ఇంట్లో వాడిదే అవుతుంది, అవునా కాదా చెప్పండి.

పోల్చమన్నారు కదా. ఇంజినీరింగ్‌లోనూ లేఆఫ్‌లున్నాయి, పడినప్పుడు లేవడానికి దారులెక్కువ, అంతే తేడా. అలాగని ఇష్టంలేని చదువులో వాణ్ణి కూలేయమని చెప్పను. ఇది చెడ్డ వృత్తి కూడా కాదు, నిలదొక్కుకున్నవాళ్ళు బాగానే బతుకుతారు, చాలామంది నిలదొక్కుకుంటారు కూడా, కాస్త ఆలస్యంగా. వాడికి 18 ఏళ్ళే, ఎయిర్‌లైన్ పైలట్ 65 దాకా ఎగరొచ్చు, డిగ్రీ చేసి 22లో మొదలెట్టినా నాలుగు దశాబ్దాలు చేతిలో ఉంటాయి. ఈ ఏడాదే చేరకపోతే కొంపలు మునుగుతాయన్న తొందర స్కూల్ వాళ్ళది, మీది కాదు. నా మటుకు నేను డిగ్రీ ముందు, ఫ్లయింగ్ తర్వాత అంటాను, రెండో కాలు నేలమీద ఉంటుంది.

ఒక్క రూపాయి కట్టే ముందు క్లాస్ 1 మెడికల్, అంటే కమర్షియల్ పైలట్‌కి కావాల్సిన ఆరోగ్య పరీక్ష, చేయించండి, చాలామంది ఫీజు కట్టాక చేయించి ఏడుస్తారు. స్కూల్‌ని గత రెండు బ్యాచ్‌ల్లో ఎంతమంది ఇప్పుడు ఎయిర్‌లైన్‌లో ఎగురుతున్నారో కాగితం మీద అడగండి, నోటిమాట వద్దు. టైప్ రేటింగ్ ఖర్చు, ఆ తర్వాత రెండేళ్ళు ఉద్యోగం లేకుండా ఉండే ఖర్చు కూడా మొత్తంలో కలిపి చూసుకోండి, అది ఇల్లు కదలకుండా సర్దగలిగితే పంపండి, లేకపోతే ఆగండి.

కార్గో గురించి అడిగారు. కరోనాలో ప్యాసింజర్ విమానాలు ఆగినా కార్గో ఎగిరిన మాట నిజమే, కాకపోతే ఎక్కువగా రాత్రి డ్యూటీలు, పైగా కోల్గన్ తర్వాత అమెరికా తెచ్చిన ఆ రెస్ట్ రూల్స్ నుంచి కార్గో కంపెనీలకి మినహాయింపు ఇచ్చారు. అక్కడా మొదట అడిగేది ఎన్ని గంటలు ఎగిరావనే, కాబట్టి కొత్త లైసెన్స్‌తో నేరుగా అందులో చేరిపోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి.