నాయనకు జబ్బు పేరు చెప్పనివ్వడం లేదు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా నాయనకు 67 ఏళ్లు, పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్. చెన్నైలో నాలుగు కీమోలయ్యాక ‘ఇక లాభం లేదు, నొప్పి లేకుండా చూసుకోండి, పాలియేటివ్ కేర్‌లో చేర్చండి’ అన్నారు. అన్నయ్య ఒప్పుకోడు. ‘చావుకు వదిలేశారంటారు, పొలం అమ్మైనా వైద్యం చేయిస్తా, అవసరమైతే వెంటిలేటర్ పెట్టిస్తా’ అంటాడు. నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు ఇస్తే తొందరగా పోతారని వాడి భయం. జబ్బు పేరు చెప్పనివ్వడు, పత్యమని చేపల పులుసూ మాన్పించాడు. రాత్రిళ్లు నాయన మంచం పట్టె పట్టుకుని మూలుగుతుంటే చూడలేకపోతున్నా. కీమో ఆపమనడం పాపమా?

జవాబు: పాపం కాదమ్మా. పొలం అమ్ముతానన్న మీ అన్నయ్యనూ తప్పుపట్టను, అది ప్రేమే. కానీ ఆగేది కీమో ఒక్కటే, వైద్యం కాదు. పాలియేటివ్ కేర్‌లో నొప్పికి, ఆయాసానికి, వాంతులకు చివరిదాకా మందు ఇస్తూనే ఉంటారు.

ముందు మార్ఫిన్ సంగతి చూడండి. మీ నాయనకు ఈ రాత్రి కావలసింది అదే. క్యాన్సర్ నొప్పి ముదిరితే మార్ఫిన్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేస్తే దానివల్ల ప్రాణం ముందుగా పోదు, వ్యసనం కావడమూ అరుదు. మలబద్ధకం మాత్రం వస్తుంది, దానికి మొదటి రోజు నుంచే మందు అడగండి. 2014లో మత్తుమందుల చట్టం సవరించి లైసెన్సుల బెడద తగ్గించినా, ఇది ప్రతి మందుల షాపులో దొరకదు. మీకు దగ్గర్లో ఎక్కడిస్తారో చెన్నై డాక్టరునే అడగండి.

ఇక వెంటిలేటర్. కోలుకునే ఆశ లేనప్పుడు అలాంటివి వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీ చేయిస్తే చాలు. అయితే ఆ మాట చెప్పాల్సింది మీ నాయన. జబ్బు పేరే తెలియని మనిషి ఏం చెప్తాడు? నన్ను బాధపెట్టింది ఇదే.

మా మామగారికీ మేం ఇలాగే దాచాం. ఆయన పోయాక పరుపు ఎత్తితే స్కాన్ రిపోర్టు జిరాక్స్ కనబడింది, మడతల దగ్గర చిరిగిపోయేంతగా చదివి ఉన్నారు. అన్నీ తెలిసీ మా కోసం నెలల తరబడి ఒంటరిగా మోశారు. ఆ కాగితం నేనింకా మరిచిపోలేదు.

అంతా ఒక్కసారే చెప్పక్కర్లేదు. ‘నాయనా, నీకేమనిపిస్తోంది?’ అని అడిగి, పక్కన కూర్చోండి. ఆయన అడిగినంత వరకే చెప్పండి. తెలుసుకోవడం వద్దంటే అదీ ఆయన ఇష్టమే.

ఈసారి చెన్నై వెళ్లేటప్పుడు అన్నయ్యను వెంటబెట్టుకెళ్లండి. ‘ఇంకో కీమో ఇస్తే నాయనకు ఏం ఒరుగుతుంది?’ అని తనే డాక్టరును అడగాలి. మీ నోట వింటే అది చెల్లెలి మాటగానే మిగిలిపోతుంది.

పత్యం గురించీ అక్కడే అడగండి. మింగగలిగితే, డాక్టరు సరేనంటే, పులుపు తగ్గించి చేపల పులుసు కాచండి. ముళ్లు తీసి మెత్తగా కలిపి, ఆ రెండు ముద్దలూ మీ అన్నయ్య చేత పెట్టించండి.