లైబర్ పోయింది, స్ప్రెడ్ మిగిలింది

"బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే అప్పుల వడ్డీ రేటును ఎవరు, ఎలా లెక్కిస్తారు?" అని అడిగారు. చెన్నైలో తోలు సరుకు ఎగుమతి చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఈ రేట్లతో నాకు రోజూ తలనొప్పే.

మా ప్యాకింగ్ క్రెడిట్, అంటే ఎగుమతి సరుకు సిద్ధం చేసుకోవడానికి బ్యాంకు ఇచ్చే అప్పు, డాలర్లలో ఉంటుంది. అప్పట్లో లైబర్ అని, లండన్‌లో బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే రేటు ఉండేది. దాని మీద ఇంత అని కలిపి వడ్డీ వేసేవారు. ఆ కలిపేదే స్ప్రెడ్. 2021 చివర్లో బ్యాంకు నుంచి ఒక కుర్రాడు, ఒంగోలు వైపు వాడే, కొత్త కాగితాలు తెచ్చాడు. లైబర్ తీసేస్తున్నారు, ఇకనుంచి దాని బదులు సోఫర్ అనే అమెరికా రేటు, సంతకం పెట్టండి అన్నాడు. మా ఓనరుగారిది నెల్లూరు. చదవకుండా సంతకం పెట్టే రకం కాదు.

"ఇన్నాళ్లూ ఆ లైబర్ ఎవరు చెప్పేవాళ్లు తమ్ముడూ?"

"లండన్‌లో పెద్ద బ్యాంకులు సార్. ఇప్పుడు అప్పు కావాలంటే మాకు ఇంత వడ్డీకి దొరుకుతుంది అని రోజూ పంపేవి. పై పావు వంతు, కింది పావు వంతు తీసేసి, మిగతావాటికి సగటు కట్టేవారు."

"నిజంగా అప్పు తీసుకోకపోయినా?"

"తీసుకోకపోయినా చెప్పొచ్చు సార్."

"మరి మీ బ్యాంకుకిచ్చే నా స్టాకు స్టేట్‌మెంట్‌లో సరుకు ఇంత ఉంటుందని నా అంచనా అని రాస్తే మీ మేనేజరు ఒప్పుకుంటాడా?"

కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ అంచనాల్లో చేతివాటం చూపించినందుకే 2012లో బార్‌క్లేస్ బ్యాంకుకు అమెరికా, బ్రిటన్‌లలో జరిమానాలు పడ్డాయి. డాలర్ లైబర్‌కు బ్యాంకులు అంచనాలు పంపడం 2023 జూన్‌తో ఆగిపోయింది.

సోఫర్ అలా కాదు. అమెరికా ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి ఒక్క రాత్రికి తీసుకునే అప్పుల్లో నిజంగా పడిన రేట్లు తీసుకుని, మొత్తాలను బట్టి మధ్య రేటును న్యూయార్క్ ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకులో భాగం) మర్నాడు పొద్దున ప్రకటిస్తుంది. తాకట్టు ఉంది కాబట్టి ఆ రేటు లైబర్ కంటే తక్కువ. ఆ తేడా పూడ్చడానికి పాత ఒప్పందాలకు ఆరు నెలల రేటు మీద 0.42826 శాతం కలపాలని లెక్క తేల్చారు. మా బ్యాంకు అది చాలదన్నట్టు ఇంకొంచెం వేసింది. ఎందుకయ్యా అంటే "హెడ్డాఫీసు చెప్పింది" ఒక్కటే మాట. మేనేజరును అడుగుదామంటే, ఆయన మా ఫైలు చదివేలోపే ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు. గొడవంతా ఆ స్ప్రెడ్ దగ్గరే. ఫార్ములా చూసి టెన్షన్ పడటం దండగ.

లైబర్ లాగే మన దేశంలో బ్యాంకుల మధ్య అప్పులకున్న రేటు మైబర్, దాని సంగతీ చెప్పాలి కదా. 2024 నాటికి, పొద్దున 9 నుంచి 10 లోపు కాల్ మనీలో, అంటే బ్యాంకులు ఒక్క రాత్రికి తీసుకునే అప్పుల్లో, నిజంగా జరిగిన లావాదేవీలకు, మరీ తేడాగా ఉన్నవి తీసేసి, మొత్తాలను బట్టి సగటు కట్టేవారు. ఇలాంటి రేట్లు చూసే ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ దాన్ని ప్రకటిస్తుంది. కాకపోతే తాకట్టు లేని ఆ కాల్ మనీలో ఇప్పుడు జరిగే వ్యాపారం బాగా తక్కువ. అందుకే 2024లో రిజర్వ్ బ్యాంకు కమిటీ గంటకు బదులు మూడు గంటల లావాదేవీలు తీసుకోమంది, తాకట్టు అప్పుల మీద ఇంకో రేటు కూడా తెమ్మంది. నన్నడిగితే మైబర్‌కూ ఎక్కువ కాలం లేదు.