గుయ్‌మంటూ తిరగని టేబుల్ ఫ్యాన్: కాయిల్ కట్టించే ముందు కెపాసిటర్ చూడండి

స్విచ్ వేస్తే గుయ్‌మంటోంది, రెక్కలు కదలడం లేదు, షాపతను కాయిల్ కట్టాలి 700 అవుతుందన్నాడు, కెపాసిటర్ మార్చుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోయే అవకాశమే ఎక్కువ. పోయిన ఎండాకాలం మా అమ్మ గదిలో ఫ్యాన్‌కి అచ్చం ఇదే జరిగింది. 50 రూపాయలతో పోయింది. నా తొందరపాటుకి ఇంకో 50 అయిందనుకోండి, అది తర్వాత చెప్తాను.

ముందు ప్లగ్ పీకి రెక్కను చేత్తో తిప్పండి. బిగుసుకుపోయినట్టుంటే ఇరుసు తిరిగే బుష్ ఎండిపోయింది, రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేసి చూడండి. తేలిగ్గా తిరిగితే మళ్లీ ప్లగ్ పెట్టి, స్విచ్ వేసి, జాలీలోంచి చీపురుపుల్లతో రెక్కను నెట్టండి. వేలు మాత్రం పెట్టొద్దు. ఎటు నెడితే అటు తిరగడం మొదలైతే దాదాపుగా కెపాసిటరే పోయింది.

ఎందుకంటే ఈ మోటార్లో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒక్కదానికే కరెంటు అందితే అయస్కాంత బలం ముందుకూ వెనక్కూ ఊగుతుందే తప్ప రోటర్‌ని, అంటే మోటార్లో తిరిగే భాగాన్ని, ఒక దిక్కుకి తోయదు. రెండో కాయిల్లో కరెంటు సమయాన్ని కాస్త జరిపి ఆ దిక్కు చూపించేది కెపాసిటరే. అది బలహీనపడ్డాక, మా అమ్మలాగా "కాసేపుంటే అదే తిరుగుతుందిలే" అని స్విచ్ వేసి వదిలేయొద్దు. తిరగని మోటారు వేడెక్కి కాయిల్ నిజంగానే కాలిపోతుంది.

మార్చడం పెద్ద పనేం కాదు. ప్లగ్ పీకాక మోటారు వెనక మూతలోనో అడుగు పెట్టెలోనో రెండు వైర్ల చిన్న ప్లాస్టిక్ డబ్బా కనబడుతుంది. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ప్లగ్ పీకినా దానిలో కరెంటు నిలవ ఉండొచ్చు. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలూ ఒకసారి కలపండి, టప్‌మన్నా కంగారు పడొద్దు. దీనికి ప్లస్, మైనస్ లేవు. ఏ వైరు ఎటు కలిపినా ఒకటే.

నేను బోల్తా పడింది కొనే దగ్గర. పాతది పట్టుకెళ్లకుండా "ఫ్యాన్ కెపాసిటర్ ఇవ్వండి" అన్నాను. షాపాయన సీలింగ్ ఫ్యాన్‌కి వేసే 2.5 మైక్రోఫారడ్లది (కెపాసిటర్ సైజుని ఇలా కొలుస్తారు) ఇచ్చాడు. ఫ్యాన్ జామ్మని తిరిగింది, సంబరపడ్డాను. అరగంటకి మోటారు మూత చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. పాతదాని మీద చూస్తే 2 మైక్రోఫారడ్లు అని ఉంది. అదే అంకె ఉన్నది తెచ్చి వేశాక వేడి తగ్గింది. వోల్టేజీ 440 ఉన్నదే తీసుకోండి. మన ఇంటి కరెంటు 230 అయినా, తిరిగేటప్పుడు కెపాసిటర్ మీద అంతకన్నా ఎక్కువే పడుతుంది. వైర్ల అతుకుల మీద స్లీవ్ (సన్నటి ప్లాస్టిక్ గొట్టం) తొడగండి, లేదా టేపు గట్టిగా చుట్టండి.

ఫ్యాన్ బీఎల్‌డీసీ రకమైతే, అంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో నడిచేదైతే, ఈ కెపాసిటర్ సంగతులేవీ వర్తించవు. సరైన కెపాసిటర్ వేశాక కూడా గుయ్‌మంటుంటే స్టార్టింగ్ కాయిల్ (పైన చెప్పిన రెండో కాయిల్) తెగి ఉండొచ్చు. అప్పుడు ఆ 700 ఇవ్వండి, కాకపోతే ఇంకో షాపులో కూడా అడిగి ఇవ్వండి.