తూటా లేదు, మిషన్ ఒక్కటే ఉంది. అయినా కేసవుతుందా?

ప్రశ్న: నేను విశాఖపట్నం మధురవాడలో ఉంటాను. పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర .32 రివాల్వర్ ఉంది, లైసెన్సు ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకుంటున్నాను. మా అల్లుడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తాడు. అక్కడ అతనికి ఒక్కో తూటా పెట్టి పేల్చే వేట పిస్టల్ ఉంది. దానికి కావలసిన తూటాలు తనే ఇంట్లో నింపుకుంటాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పనికి వాడే పాత ప్రెస్ ఒకటి, డైల సెట్టు (షెల్‌ను సరైన కొలతకు నొక్కే అచ్చులు), ఓ నలభై ఖాళీ ఇత్తడి షెల్స్ తెచ్చి మా స్టోర్‌రూమ్‌లో పెట్టి వెళ్లాడు. ఈసారి వచ్చినప్పుడు నా రివాల్వర్‌కు కూడా తూటాలు చేసిపెడతానంటున్నాడు. తూటాల్లో నింపే మందు క్వారీల దగ్గర దొరుకుతుందని తెలిసినాయన ఒకరు చెప్పారు. నర్సీపట్నం వైపు మా పొలంలో అడవి పందుల బెడద ఉంది కాబట్టి ఆ పిస్టల్ కూడా తెస్తే పనికొస్తుందని అతని ఆలోచన. ఇందులో తప్పేమైనా ఉందా? పేరు రాయవద్దు.

జవాబు: ముందు ఒక్క మాట. ఈ జవాబు చదివే లోపు క్వారీ మందు గురించి మీరు ఎవరితోనైనా మాట్లాడి ఉంటే, అది అక్కడితో ఆపేయండి. మిగతా విషయాలకు దారి వెతకవచ్చు. ఆ మందు ఒక్కసారి ఇంట్లోకి వచ్చాక నాలాంటివాళ్లు చేయగలిగేది చాలా తక్కువ.

మీ అల్లుడు గారు అక్కడ చేసేది తప్పు కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తేనే కావాలి. ఆయన సరదాకు కారణం కూడా ఉంది. థాంప్సన్ సెంటర్ కంపెనీ 1967లో తెచ్చిన కంటెండర్ లాంటి పిస్టళ్లలో రైఫిల్ తూటాలు కూడా పేలుస్తారు. బారెల్ మాత్రం 10 అంగుళాలో 14 అంగుళాలో ఉంటుంది. బజారులో దొరికే రైఫిల్ తూటా పొడవాటి బారెల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది కాబట్టి, ఈ పొట్టి బారెల్‌లో మందు పూర్తిగా కాలకముందే గుండు బయటికి వెళ్లిపోతుంది, ముందు పెద్ద మంట కనిపిస్తుంది. ఇంకో సంగతీ ఉంది. .30-30 అనే రైఫిల్ తూటాలను లీవర్ రైఫిల్‌లో బారెల్ కింద ఉండే తూటాల గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి పేరుస్తారు. వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు (దెబ్బ తగలగానే మందును అంటించే అడుగు బిళ్లకు) తగిలే ప్రమాదం ఉంటుంది కాబట్టి గుండు ముందు భాగం చదునుగా చేస్తారు. ఒకే తూటా పట్టే పిస్టల్‌కు ఆ ఇబ్బంది లేదు, మొనదేలిన గుండు వాడుకోవచ్చు. అందుకే అక్కడి వేటగాళ్లు తమ బారెల్‌కు తగ్గట్టు తూటాలు తామే తయారు చేసుకుంటారు. పౌండులో 7000వ వంతు ఉండే గ్రెయిన్ లెక్కన మందు తూచి, తక్కువతో మొదలుపెట్టి, ప్రతి మార్పునూ పుస్తకంలో రాసుకుంటూ నెలల తరబడి చేసే పని అది. శ్రద్ధగల మనిషే చేయగలడు. మీ అల్లుడిని నేను తప్పుపట్టడం లేదు. అయితే అదే పని మన దేశంలో, మీ ఇంట్లో జరిగితే చట్టం దాన్ని వేరే కంటితో చూస్తుంది.

ఇక మీ స్టోర్‌రూమ్ దగ్గరికి వద్దాం. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. ‘తూటాలు లేవు కదా, ఉత్తి ఇనుప సామానే కదా’ అని మీరు అనుకుంటున్నారు. 1959 నాటి ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో ‘మందుగుండు’ అనే మాటకు నిర్వచనం ఉంది. అందులో తూటాలు, బాంబులతో పాటు మందుగుండు విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండే అని రాశారు. అంటే మీ స్టోర్‌రూమ్‌లోని ప్రెస్ చట్టం దృష్టిలో తూటాలు తయారుచేసే పనిముట్టు మాత్రమే కాదు, అదే మందుగుండు. మందుగుండు దగ్గర పెట్టుకోవాలంటే 3వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. మీకు లైసెన్సు ఉంది. కానీ అది ఒక రివాల్వర్‌కు, దానికి సరిపోయే ఇన్ని తూటాలకు ఇచ్చింది. ఒకసారి ఆ పుస్తకం తీసి చూడండి. అందులో యంత్రం అనే మాట ఎక్కడా కనిపించదు.

ఒకసారి వేరే కేసులో ఒక పంచనామా చదివాను. ఒక ఇంట్లో మేజాకు బోల్టులతో బిగించిన పోత ఇనుప ప్రెస్ దొరికింది. బోరింగు పంపు చెయ్యి లాంటి లీవరు, పైన డై తిప్పి బిగించడానికి మరలు, అంతే. ఇంటాయన దాన్ని మూడేళ్లుగా ముట్టుకోలేదు. దుమ్ము పట్టి ఉందని పంచనామాలో కూడా రాశారు. కానీ వస్తువుల జాబితాలో మొదటి వరుస ఇదీ: ‘తూటాలు తయారుచేయు యంత్రం, 1’. ఆ ఒక్క వరుస వల్ల బెయిలు వాదనలో ఎంత కష్టపడాల్సి వచ్చిందో నాకు తెలుసు.

లైసెన్సు లేకుండా మందుగుండు ఉంచుకుంటే 25వ సెక్షన్ (1బి) కింద 2 ఏళ్ల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. 2019 సవరణకు ముందు 1 నుంచి 3 ఏళ్లు ఉండేది. తూటా తయారు చేస్తే సంగతి ఇంకా పెద్దదవుతుంది. 5వ సెక్షన్ ప్రకారం ఏ మందుగుండు తయారీకైనా విడిగా లైసెన్సు కావాలి. అది లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. నా లెక్కలో ఖాళీ షెల్‌లో కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి బిగించడం తయారీయే. ‘నా సొంత రివాల్వర్‌కే కదా, అమ్మలేదు కదా’ అన్న వాదన ఇక్కడ నిలవదు. 5వ సెక్షన్ తయారీని, అమ్మకాన్ని వేర్వేరు మాటలుగా పేర్కొంది, రెండిటికీ లైసెన్సు అడిగింది. చేసేది మీ అల్లుడే అయినా, ఇల్లు మీది, రివాల్వర్ మీది. ఇద్దరి పేర్లూ ఎఫ్‌ఐఆర్‌లో ఉంటాయి. ఉన్న లైసెన్సు కూడా రద్దయ్యే పరిస్థితి వస్తుంది. ఇంతకీ ఆయన తెచ్చిన డైలు తన పిస్టల్ సైజువైతే మీ .32కు అవి సరిపోవు కూడా.

ఖాళీ షెల్స్ మాటేమిటి? వీటి విషయంలో కొంత ఊరట ఉంది. 45వ సెక్షన్ (డి) ప్రకారం మందుగుండు చిన్న విడిభాగాలను, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకుండా ఉంచుకుంటే ఈ చట్టం వర్తించదు. షోకేసులో గుర్తుగా పెట్టుకున్న ఒక ఖాళీ షెల్‌కు ఈ రక్షణ దొరుకుతుంది. కానీ నలభై షెల్స్ పక్కనే ప్రెస్, డైలు ఉంటే, ‘కలిపి వాడే ఉద్దేశం లేదు’ అని మేజిస్ట్రేటును నమ్మించడం కష్టం. పైగా ఈసారి తూటాలు చేస్తానని అల్లుడు వాట్సాప్‌లో రాసి ఉంటే మరీ కష్టం. ‘నాకు తెలియకుండా పెట్టాడు’ అనే దారి కూడా మీకు లేదు. ఉందని తెలిసి, మన అదుపులో ఉంచుకుంటేనే అది స్వాధీనం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. ఎయిర్‌పోర్టులో బ్యాగు అడుగున పాత తూటా ఒకటి దొరికినవాళ్లకు ఆ మాటే ఆసరా. మీకైతే తెలుసు, మీరే నాకు రాశారు.

క్వారీ మందు గురించి మళ్లీ చెబుతాను. అది రాయి పగలగొట్టే పదార్థం, తుపాకీ మందు కాదు. దాన్ని తూటాలో నింపితే పేలేది మీ చేతిలోనే. లైసెన్సు లేకుండా కొని దాచడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం, అమ్మినవాడూ ఇరుక్కుంటాడు. అమెరికా నుంచి మందు, ప్రైమర్లు తెస్తానన్నా ఒప్పుకోవద్దు. విమానంలో వాటిని చేతి బ్యాగులోనూ, చెకిన్ బ్యాగులోనూ కూడా అనుమతించరు.

పిస్టల్ తేవడం అంటారా? ఆయుధం దిగుమతికి ఆయుధాల చట్టం 10వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి, కస్టమ్స్ నిబంధనలు విడిగా ఉంటాయి, మధ్యలో విమానం మారే దేశం చట్టం కూడా వర్తిస్తుంది. సెలవులకు వచ్చే మనిషి అంత తతంగం పెట్టుకోవడం అనవసరం. పందుల కోసమైతే అసలు పనికిరాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పంట పాడుచేస్తున్న జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద అటవీ అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవచ్చు. మీ పొలం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది కాబట్టి అర్జీ అక్కడి అటవీ శాఖకు పెట్టండి, పాడైన పంట ఫొటోలు, పట్టాదారు పాసుపుస్తకం నకలు జతచేయండి. పంట కాపలాకు ఆయుధాల చట్టం 13వ సెక్షన్ నాటు మందు దట్టించి పేల్చే తుపాకీ గురించి మాట్లాడుతుంది గానీ పిస్టల్ గురించి కాదు.

ఇప్పుడు చేయాల్సింది. ఆ ప్రెస్‌ను పాత ఇనుము కొట్టుకు వేయకండి, షెల్స్ సముద్రంలో పారేయకండి. ఇవి సాక్ష్యం మాయం చేసినట్టు కనిపిస్తాయి. కారులో పెట్టుకుని మీరొక్కరే స్టేషన్‌కు వెళ్లడమూ మంచిది కాదు. క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని ఈ వారంలోనే కలవండి. ఏం ఉన్నాయి, ఎప్పుడు ఎవరు తెచ్చారు, ఒక్క తూటా కూడా తయారు కాలేదన్న సంగతి, ఇవన్నీ రాసి, స్వచ్ఛందంగా అప్పగిస్తున్నామని లైసెన్సు ఇచ్చిన నగర పోలీసు కమిషనర్ కార్యాలయానికి ఆయన ద్వారా లేఖ పెట్టండి, రసీదు తీసుకోండి. కేసు పెట్టరని నేను హామీ ఇవ్వలేను. కానీ ఆయుధాల చట్టం 3వ సెక్షన్ నేరానికి ప్రాసిక్యూషన్ మొదలవ్వాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలని 39వ సెక్షన్ చెబుతోంది. సోదాలో దొరికిన వస్తువుకూ, మీ అంతట మీరు తెచ్చిచ్చిన వస్తువుకూ ఆ స్థాయిలో తేడా తప్పకుండా ఉంటుంది.

అల్లుడు గారికి నిజంగా ఆసక్తి ఉంటే ఇక్కడ షూటింగ్ క్లబ్బుల్లో ఒక్కో గుండుతో ఆడే పోటీలే ఉన్నాయి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అలాంటిదే. 50 మీటర్ల పోటీలో .22 పిస్టల్ వాడతారు. అది రిమ్‌ఫైర్ తూటా, అంటే ప్రైమర్ విడిగా లేకుండా షెల్ అంచులోనే ఉండేది కాబట్టి దాన్ని మళ్లీ నింపే ప్రసక్తే రాదు. గురి మీద ప్రేమ ఉన్నవాడికి అది చాలు.

మీరు అడగలేదు గానీ, మధురవాడ అన్నారు కాబట్టి చెబుతున్నాను. కంబాలకొండ అభయారణ్యం మీకు కూతవేటు దూరం. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉండే ఆయుధ లైసెన్సుదారులు అటవీ శాఖ దగ్గర తమ పేరు నమోదు చేయించుకోవాలని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. నగరంలో చాలామందికి ఈ సంగతే తెలియదు. మీ పేరు నమోదై ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అదే న్యాయవాదితో ఆ అర్జీ కూడా రాయించండి.