వృత్తానికి సమానమైన చతురస్రం గీయగలమా?

ప్రశ్న: 7 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గీసిన వృత్తం వైశాల్యం 154 చదరపు సెంటీమీటర్లు. 14, 11 సెంటీమీటర్ల ముక్కలను ఒకే గీతపై పక్కపక్కన గుర్తించి, మొత్తం 25 సెంటీమీటర్లూ వ్యాసంగా అర్ధవృత్తం గీసి, ముక్కలు కలిసే చోట లంబం నిలబెట్టాను. ఆ లంబం భుజంగా గల చతురస్రానికీ 154 వస్తోంది. లెక్కల మాస్టారైన మా బావగారు మాత్రం ఇది అసాధ్యమని కొట్టిపారేస్తున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ అర్ధవృత్తంలో లోపమేమీ లేదు, 154 వర్గమూలాన్ని ఆ లంబం ఖచ్చితంగానే ఇస్తుంది. చిక్కంతా ఆ 154 దగ్గరే ఉంది. 22/7 అనేది ‘పై’కి దగ్గరి భిన్నమే తప్ప ‘పై’ కాదు. వృత్తం అసలు వైశాల్యం సుమారు 153.938 కాబట్టి, మీ భుజం మిల్లీమీటరులో దాదాపు నలభయ్యో వంతు ఎక్కువైంది. పెన్సిల్ గీత మందమే అంతకు ఎన్నో రెట్లుంటుంది. కనుక మీకూ మీ బావగారికీ మధ్య ఇది స్కేలు పెట్టి కొలిస్తే తేలే తగవు కాదు.

ప్రాచీన గ్రీకులనాటి ఈ సమస్యలో గుర్తులు లేని రూళ్లకర్రనూ, వృత్తలేఖినినీ మాత్రమే వాడాలి. దారం చుట్టి చుట్టుకొలత తీసుకోవడం, చక్రం దొర్లించడం వంటివి ఈ నియమానికి బయటివి. ఆ రెండు పరికరాలతో, ఇచ్చిన ఒక పొడవు నుంచి బయలుదేరి ఎన్ని గీతలు గీసినా, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం అనే అయిదు క్రియల వల్ల పుట్టే పొడవులే దొరుకుతాయి. అటువంటి ప్రతి పొడవూ పూర్ణాంక గుణకాలున్న ఏదో ఒక బహుపది సమీకరణానికి మూలమై తీరుతుంది. ‘పై’ అలాంటి ఏ సమీకరణానికీ మూలం కాజాలదని 1882లో జర్మన్ గణితవేత్త లిండెమాన్ నిరూపించారు. మనకు కావలసిన చతురస్ర భుజం వ్యాసార్ధానికి ‘పై’ వర్గమూలం రెట్లు; అది గీయగలిగితే ‘పై’ పొడవునూ గీయగలిగినట్టే కనుక, ఆ రెండు పరికరాలతో ఆ చతురస్రం అసాధ్యం. దాంతో, అంతకు ముందే 1775లో ఇలాంటి పరిష్కారాలను ఇకపై పరిశీలించబోమని ప్రకటించిన పారిస్ సైన్స్ అకాడమీ నిర్ణయం సబబేనని తేలింది.

ఉజ్జాయింపుగా గీయడానికి మాత్రం అడ్డేమీ లేదు. వ్యాసాన్ని 15 భాగాలు చేసి 13 భాగాలను భుజంగా తీసుకోమన్న ప్రాచీన భారత గ్రంథం బౌధాయన శుల్బసూత్రం తన పద్ధతి స్థూలమైనదేనని తానే చెప్పుకుంది. మీ వృత్తానికి ఆ భుజం మూడు మిల్లీమీటర్లకు కాస్త లోపుగా తగ్గుతుంది. శ్రీనివాస రామానుజన్ 1913లో ప్రచురించిన నిర్మాణం ‘పై’కి 22/7 కంటే ఎంతో దగ్గరైన 355/113 మీద ఆధారపడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దదైన 1,40,000 చదరపు మైళ్ల వృత్తానికి సైతం అందులో భుజం తేడా దాదాపు ఒక్క అంగుళమేనని ఆయనే లెక్కగట్టి చూపారు.